గాజు దానంతట అదే పేలిపోదు

వంట ముగిసి గంట దాటింది. పొయ్యి మీద గిన్నె లేదు, కింద మంట లేదు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడు. చూస్తే వంటగట్టు నిండా గాజు పలుకులు! గ్లాస్ టాప్ గ్యాస్ స్టవ్‌లు ఉన్న ఇళ్లలో ఇలాంటి అనుభవాలు తరచూ వినిపిస్తున్నాయి. స్నానాల గది గాజు తలుపులు, డైనింగ్ టేబుళ్ల విషయంలోనూ ఇదే కథ. ‘దానంతట అదే పేలింది’ అంటారు ఇంట్లోవాళ్లు. ‘మీరే సరిగా వాడలేదు’ అంటారు అమ్మినవాళ్లు. భౌతికశాస్త్రం ఈ రెండు మాటలనూ పూర్తిగా ఒప్పుకోదు.

ఈ పలకలను టెంపర్డ్ లేదా టఫెన్డ్ గ్లాస్ అంటారు. మామూలు గాజు పలకను 620 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, రెండు వైపుల నుంచీ గాలిని బలంగా కొట్టి వేగంగా చల్లారుస్తారు. ముందు పైపొర గట్టిపడుతుంది. ఆ తర్వాత చల్లారే లోపలి భాగం కుంచించుకుపోవాలని చూస్తుంది. అప్పటికే బిగుసుకున్న పైపొర దాన్ని పూర్తిగా కుంచించుకోనివ్వదు. దాంతో పైపొర ఎప్పుడూ నొక్కుకుపోయి, నడిమి భాగం లాగబడి ఉంటుంది. గాజు మీది సన్నని పగులు విచ్చుకుంటేనే పలక విరుగుతుంది. నొక్కుకుపోయిన పైపొర ఆ పగులును విచ్చుకోనివ్వదు. అందుకే ఈ గాజుకు మామూలు గాజు కంటే నాలుగైదు రెట్ల బలం. ఉష్ణోగ్రతలో తేడా సుమారు 40 డిగ్రీలు దాటితే మామూలు గాజు చిట్లే ప్రమాదం ఉంది. దెబ్బతినని టెంపర్డ్ గ్లాస్ 200 డిగ్రీల వరకు తట్టుకోగలదు.

అయితే లోపల దాగిన ఈ ఒత్తిడి నివురుగప్పిన నిప్పులాంటిది. 6 మిల్లీమీటర్ల పలకలో ఒక్కో వైపు రక్షణ పొర మందం సుమారు 1.2 మిల్లీమీటర్లే. దెబ్బ ఆ పొరను దాటి లోపలికి చేరితే, పగులు సెకనుకు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల వేగంతో పలకంతా పాకుతుంది. పలక మొత్తం చిన్న చిన్న ముక్కలైపోతుంది. కత్తుల్లాంటి పొడవాటి పెంకులు రావు కాబట్టి లోతైన గాయాల ముప్పు తగ్గుతుంది. ఈ గాజులోని అసలు భద్రత ఇదే.

మరి ఎవరూ ముట్టుకోనప్పుడు ఎందుకు పగులుతుంది? ఎక్కువగా పాత దెబ్బల వల్ల. పలక మధ్యభాగం కంటే అంచులు, మూలలు సున్నితం. ఇనుప పెనం అంచుకు తగిలి చిన్న పెచ్చు లేస్తే ఆ రోజు ఏమీ కాకపోవచ్చు. పొయ్యి వేడెక్కి చల్లారే ప్రతిసారీ ఆ చోట ఒత్తిడి మారుతూ, చివరికి ఒక రోజు తెగుతుంది. రెండో కారణం ఫ్యాక్టరీలోనే పడుతుంది. గాజులో కంటికి కనిపించని నికెల్ సల్ఫైడ్ రేణువు మిగిలిపోతే, అది నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో స్ఫటిక రూపం మార్చుకుని 2 నుంచి 4 శాతం ఉబ్బుతుంది. లాగబడి ఉన్న నడిమి భాగంలో ఆ ఉబ్బు చాలు, పలక పేలడానికి. ఇందులో వాడినవారి తప్పు ఏమీ లేదు.

అందువల్ల పగిలిన ప్రతిసారీ తప్పును వినియోగదారుడి మీదికి నెట్టడం న్యాయం కాదు. ఫ్రేములో బిగించిన తలుపు పగిలి ముక్కలు అలాగే నిలిచి ఉంటే, ఊడ్చే ముందు ఫొటో తీయాలి. పగులు మొదలైన చోట సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పెద్ద ముక్కలు పక్కపక్కనే ఉంటే నికెల్ సల్ఫైడ్‌ను అనుమానించవచ్చు. పలకలను అమ్మకముందే కొలిమిలో గంటల తరబడి వేడిచేసి, ఇలాంటి లోపమున్నవాటిని అక్కడే పగిలిపోనిచ్చే ‘హీట్ సోక్’ పరీక్ష ఉంది. తలుపులు, బాల్కనీ గాజులు కొనేవారు ఆ పరీక్ష చేశారా అని అడగాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2553 గుర్తు పలక మీద ఉందో లేదో చూడాలి. తల మీదుగా వచ్చే గాజు కప్పుకైతే, పగిలినా ముక్కలు పొరకు అంటుకుని ఉండే లామినేటెడ్ గ్లాస్ మేలు.

ఇంట్లో పాటించాల్సినవి కొన్నే. స్టవ్ వేడిగా ఉండగా చల్లటి నీళ్లు, తడిగుడ్డ తగలనివ్వకూడదు. మంట వేడి కిందికి తిరిగి గాజును కాల్చేంత వెడల్పాటి గిన్నెలు పెట్టకూడదు. స్టీల్ పీచుతో రుద్దకూడదు. అంచున పెచ్చు లేచినా, లోతైన గీత పడినా పలక మార్చాల్సిందే. టెంపర్ చేసిన గాజును మళ్లీ కోయడానికి గానీ, రంధ్రం వేయడానికి గానీ వీల్లేదు.

ఇవన్నీ స్టవ్ పెట్టె మీద నాలుగు తెలుగు వాక్యాల్లో ముద్రించవచ్చు. ‘పగలదు’ అని చెప్పి అమ్మడం సులువు. ఎలా, ఎందుకు పగులుతుందో ముందే చెప్పడం అమ్మేవారి బాధ్యత, అడిగి తెలుసుకోవడం కొనేవారి హక్కు.