కలెక్టరు, కంపెనీ బాస్, రైల్వే మంత్రి

వన్-నార్త్ స్టేషన్ మీదుగా వెళ్లే సర్కిల్ లైన్ రైళ్లకు డ్రైవర్ ఉండడు. మొదటిసారి ఎక్కినప్పుడు మా అత్తగారు "నడిపేవాడు లేకుండా ఎలాగమ్మా?" అని నా చెయ్యి వదల్లేదు. ఆవిడ మన దగ్గర ధీమాగా ఎక్కేది విశాఖ–పలాస పాసింజరు.

2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఆ పాసింజరునే వెనక నుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. పాడైన ఆటోమేటిక్ సిగ్నళ్ల దగ్గర పాటించాల్సిన నిబంధనను వెనక రైలు పాటించలేదని ప్రాథమిక విచారణ చెప్పింది.

అప్పటికి రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్. ఈయన దారి మామూలు రాజకీయ నాయకులది కాదు. ఐఐటీ కాన్పూర్‌లో ఎంటెక్, 1994 బ్యాచ్ ఐఏఎస్, ఒడిశా కేడర్. 1999 పెను తుపాను నాడు బాలాసోర్ కలెక్టరుగా అమెరికా నేవీ వెబ్‌సైటులో తుపాను కదలికలు చూస్తూ ప్రభుత్వాన్ని హెచ్చరించారని పేరు. తర్వాత వార్టన్‌లో ఎంబీఏ చేసి ఉద్యోగం వదిలి, జీఈ ట్రాన్స్‌పోర్టేషన్, సీమెన్స్ కంపెనీల్లో పనిచేశారు. 2021 జూలైలో మంత్రి అయ్యారు. 2023 జూన్‌లో బహనాగా ప్రమాదం జరిగింది ఆ బాలాసోర్ జిల్లాలోనే. అక్కడే ఉండి 51 గంటల్లో పట్టాలు తిరిగి వేయించారు. అది కలెక్టరు పనితనం, కాదనలేం.

కంపెనీ బుద్ధి ఎక్కడ కనిపిస్తుందంటే కవచ్‌లో. 2022 మార్చి 4న వికారాబాద్ వైపు గుల్లగూడ–చిట్‌గిద్ద మధ్య స్వయంగా ఇంజనెక్కి కూర్చున్నారు. ఎదురు ఇంజనుకు 380 మీటర్ల దూరంలో రైలు దానంతటదే ఆగింది. గొప్ప ప్రదర్శనే! కానీ కంటకాపల్లి నాటికి దేశం మొత్తం మీద కవచ్ ఉన్నది సుమారు 1,465 కిలోమీటర్లు, అదంతా దక్షిణ మధ్య రైల్వేలోనే. వాల్తేరు డివిజను అప్పుడు తూర్పు కోస్తా జోన్‌లో ఉండటంతో, హైదరాబాద్ పక్కన పరీక్షించిన రక్షణ విజయనగరం దాకా రాలేదు.

టవర్లు, ఫైబర్ కేబుళ్లు, పట్టాల మధ్య ట్యాగులు, ప్రతి ఇంజనులో యంత్రం కావాలి కాబట్టి ఆలస్యం అవుతుందని నేనూ ఒప్పుకుంటాను. బహనాగా తరహా సిగ్నలింగ్ తప్పును కవచ్ ఆపేది కాదని రైల్వే అధికారులే అన్నారు. అయినా అదే ఏడాది జనవరిలో సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ జెండా ఊపి మొదలైంది కదా! కొత్త రైలు అందరికీ కనిపిస్తుంది, సిగ్నల్ పెట్టె కనిపించదు.

ఇప్పుడు విశాఖకు సొంత జోన్ వస్తోంది. 2025 జనవరి 8న ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన కూడా అయింది. ఊళ్లో మనవాళ్లు ఎంపీలను కలిసినప్పుడు కొత్త రైలు గురించి అడుగుతారు, అడగనివ్వండి. దువ్వాడ నుంచి పలాస దాకా కవచ్ ఏ నెలకు పూర్తవుతుందో కూడా అడగమనండి. మా అత్తగారు సంక్రాంతికి మళ్లీ అదే పాసింజరు ఎక్కుతారు.