శనివారం రాత్రి తెరిచే వ్యాఖ్యానాలు



యెరూషలేము గోడలో “సూదిబెజ్జం” అనే చిన్న ద్వారం ఉండేదని, రాత్రి పెద్ద తలుపులు మూసేశాక ఒంటె తన మీది మూటలు దించుకుని, మోకాళ్ల మీద వంగి అందులోంచి లోపలికి వెళ్లేదని మీరు ఎన్నిసార్లు విన్నారు? మార్టూరు చుట్టుపక్కల కూటాల్లోనే నేను పదిసార్లకు తక్కువ కాకుండా విన్నాను. మత్తయి 19:24 చదవగానే ప్రసంగీకుడు ఎత్తుకునే మొదటి మాట అదే. ఒంటె వంగినట్టు మనమూ తగ్గించుకోవాలి, మోకరించాలి అని ముగిస్తాడు. జనం “స్తోత్రం” అంటారు.

అలాంటి ద్వారం లేదు. ప్రభువు కాలపు యెరూషలేములో ఆ పేరుగల ద్వారం ఉన్నట్టు ఏ ఆధారమూ దొరకలేదు. ఆ కథ కనబడేది ఎన్నో వందల ఏళ్ల తర్వాత, మధ్యయుగాల వ్యాఖ్యానాల్లో. ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి, పుస్తకాల్లోంచి ప్రసంగాల్లోకి, ఇప్పుడు యూట్యూబులోంచి మన పందిళ్లలోకి వచ్చి కూర్చుంది. ఇంకొందరు వేరే దారి తొక్కారు. గ్రీకులో కమేలోస్ అంటే ఒంటె, కమిలోస్ అంటే మోకు, కాబట్టి ప్రభువు చెప్పింది మోకు గురించి అన్నారు. అలెగ్జాండ్రియా సిరిల్ అంతటివాడు ఐదవ శతాబ్దంలోనే ఈ మాట అన్నాడు. సరే, మోకే అనుకుందాం. ఆ మోకును సూదిలోకి ఎక్కించండి, చూస్తాను.

ద్వారం కథ అయితే ఏమైంది, మంచి పాఠమే కదా అంటారు కొందరు. బైబిలు మూయకుండా ఇంకో రెండు వచనాలు చదవండి. ఆ మాట విని శిష్యులు విస్తుపోయి, అలాగైతే రక్షణ పొందేదెవరని అడిగారు. చిన్న ద్వారమే అయితే అంత ఆశ్చర్యమెందుకు? పండుగలకు యెరూషలేము వెళ్లివచ్చేవాళ్లకు ఆ ద్వారం తెలియదా? ప్రభువు ఇచ్చిన జవాబు, అది మనుష్యులకు అసాధ్యమని, దేవునికి మాత్రం సాధ్యమని. ద్వారం కథేమో కాసిని మూటలు దించి కాస్త వంగితే మనుష్యులకూ సాధ్యమే అంటోంది. ప్రభువు మూసిన తలుపును ప్రసంగీకుడు తెరిచాడు. ఎవరి కోసం తెరిచాడో కూడా అడగాలి. ముందు వరుస కుర్చీల్లో మిర్చి కమీషన్ వ్యాపారి, క్వారీ యజమాని కూర్చుంటారు. పందిరి ఖర్చు, మైకు ఖర్చు వాళ్లది. కౌలుకు తీసుకుని, అప్పు తెచ్చి పత్తి వేసినవాడు వెనక పట్టా మీద కూర్చుంటాడు. ఈ వచనం ఉన్నది ఉన్నట్టు చదివితే ముందు వరుసకు ఇబ్బంది. ద్వారం కథ చెబితే ఎవరికీ ఇబ్బంది లేదు. అది ఇంతకాలం బతికింది అందుకే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పక్షిరాజు నలభై ఏళ్లకు కొండెక్కి ముక్కును బండకేసి కొట్టుకుని విరగ్గొట్టుకుంటుందట, ఈకలు పీక్కుంటుందట, నెలల తర్వాత మళ్లీ యౌవనం వస్తుందట. యెషయా 40:31 చదివిన ప్రతిచోటా ఇదే. ముక్కు లేని పక్షి అన్ని నెలలు ఏం తిని బతికిందో కోళ్లు పెంచే మన తల్లులను అడిగినా చెబుతారు. ప్రధానయాజకుడి కాలికి తాడు కట్టి అతిపరిశుద్ధ స్థలంలోకి పంపేవారన్నది ఇంకొకటి. నిర్గమకాండము 28లో అంగీ అంచుకు గంటలున్నాయి, తాడు లేదు. లేవీయకాండము 16లోనూ లేదు. అది జోహారు అనే మధ్యయుగపు యూదుల గ్రంథంలో కనబడే మాట.

ఇంతవరకు చదివి సంతోషించే సహోదరులు కొందరుంటారు. “అందుకే అయ్యగారూ, మేము వ్యాఖ్యానాలు ముట్టము, మాకు పరిశుద్ధాత్ముడే బోధిస్తాడు” అంటారు. వాళ్లతోనూ నాకు తగాదా ఉంది. రథంలో యెషయా గ్రంథం చదువుకుంటున్న ఐతియొపీయుడికి ఆత్మ నేరుగా అర్థం చెప్పలేడా? చెప్పగలడు. అయినా ఫిలిప్పును ఆ అరణ్యమార్గంలో పరుగెత్తించి మరీ ఆ రథం దగ్గరకు పంపాడు. నెహెమ్యా 8లో లేవీయులు గ్రంథం చదివి ఊరుకోలేదు, జనానికి అర్థం తెలిసేలా చెప్పారు. మరణం దగ్గరపడిందని తెలిసిన పౌలు చెరసాలలోంచి తిమోతికి రాస్తూ పుస్తకాలు తెమ్మన్నాడు. ఆత్మచేత పత్రికలు రాసినవాడికి పుస్తకాలు కావలసివచ్చాయి. మనకు అక్కర్లేదా?

ఆ సహోదరుడి చేతిలోని తెలుగు బైబిలు ఆకాశం నుంచి ఊడిపడిందా? 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి వాళ్లతో కూర్చుని సాయపడ్డాడు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అప్పటికి ఆ మిషనరీలిద్దరూ ప్రాణాలతో లేరు. తర్వాత ఎందరో దిద్దారు, మళ్లీ దిద్దారు. ఈ గ్రీకు మాటకు తెలుగులో ఇదే అర్థమని ప్రతి వచనం దగ్గరా ఎవరో ఒకరు తీర్మానించాల్సి వచ్చింది. ఆ తీర్మానమే వ్యాఖ్యానం. పైగా పొలానికి పోతూ మన సహోదరుడు చెవిలో పెట్టుకునే ఫోను ప్రసంగం మాటేమిటి? అదీ వ్యాఖ్యానమే, కాకపోతే అది ఏ పుస్తకంలోంచి వచ్చిందో ఎవరికీ తెలియదు.

మంచి వ్యాఖ్యానం చేసే పని వేరు. ప్రకటన 3లో ప్రభువు లవొదికయ సంఘంతో, నీవు చల్లగానైనా వెచ్చగానైనా ఉంటే బాగుండేదని అంటాడు. వెచ్చగా అంటే భక్తి, చల్లగా అంటే అవిశ్వాసం అని మనం చెప్పేస్తాం. అలాగైతే ప్రభువు ఒక సంఘం అవిశ్వాసంలో ఉండాలని కోరుకున్నాడా? సండేస్కూలు పిల్లవాడు అడిగితే తడబడతాం. వ్యాఖ్యాతల్లో చాలామంది ఇక్కడ ఆ ఊరి నీళ్ల సంగతి చెబుతారు. దగ్గర్లోని హియెరాపొలిలో వేడినీటి ఊటలు, అవి స్నానానికి, ఒంటి నొప్పులకు మంచివి. కొలొస్సయిలో చల్లని నీళ్లు, తాగడానికి మంచివి. లవొదికయకేమో దూరం నుంచి గొట్టాల్లో నీళ్లు రావాలి, అవి వచ్చేసరికి గోరువెచ్చగా, ఖనిజాలు కలిసి, వాంతి వచ్చేలా ఉండేవి. అంటే వేడీ మంచిదే, చల్లనా మంచిదే, దేనికీ పనికిరానిది మధ్యది. ఈ మూడు ఊళ్లను పౌలు కొలొస్సయులకు 4:13లో కలిపి చెప్పాడు కూడా. ఎన్ని రోజులు ఉపవాసమున్నా ఆ ఊరి నీళ్ల రుచి మనకు తెలియదు. తెలిసినవాడు చెప్పాలి.

వ్యాఖ్యాతలకు తెలియనిది మన సంఘానికి తెలిసిన సందర్భాలూ ఉన్నాయి. ద్వితీయోపదేశకాండము 11:10లో ఐగుప్తులో కాలితో చేనుకు నీళ్లు కట్టేవారని ఉంది. కాలితో తొక్కే యంత్రమా, ఇంకేమైనానా అని పండితులు తర్జనభర్జన పడతారు. సాగరు కాలువ కింద చేను తడిపే మన పెద్దాయనను అడగండి. కాలితో మట్టి తోసి ఒక మడవ మూసి, ఇంకో మడవ తెరవడం ఆయనకు రోజూ పనే. ఇదొక్కటే సరైన అర్థమని నేననను, కానీ ఆ పండితుల్లో కొందరు చివరికి చేరింది అక్కడికే. ఆ తర్వాతి వచనంలో వర్షపు నీళ్లు తాగే కొండలు లోయల దేశం ఉంది. మిరప నారు పెట్టి ఆకాశం వైపు చూసే మెట్ట రైతుకు ఆ మాట ఎలా తగులుతుందో ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ దొరకదు.

పురుగుమందు కొనేటప్పుడు మన రైతు మూడు కొట్లు తిరుగుతాడు, పక్క చేనువాణ్ణి అడుగుతాడు. కల్లంలో ఆడవాళ్లు ఎండలో కూర్చుని తాలు కాయలు ఏరతారు, తాలు కలిస్తే గుంటూరు యార్డులో ధర పడిపోతుందని. వ్యాఖ్యానాన్ని మాత్రం మనం ఏరకుండానే బస్తాకెత్తుతున్నాం. రోమా పత్రిక మీద “మాథ్యూ హెన్రీ ఇలా అన్నాడు” అని ఘనంగా చెబుతాం. ఆ మహానుభావుడు 1714లో చనిపోయే నాటికి అపొస్తలుల కార్యముల వరకే పూర్తిచేశాడు. రోమా నుంచి ప్రకటన వరకు ఆయన స్నేహితులైన ఇతర కాపరులు ముగించారు. అందులో తప్పేమీ లేదు, కానీ ఎవరి మాట చెబుతున్నామో తెలియాలి కదా. 1909లో వచ్చిన స్కోఫీల్డు బైబిలులో నోట్సు వచనాలున్న పేజీలోనే అచ్చయింది. ఆదికాండము మొదటి రెండు వచనాల మధ్య ఒక గొప్ప నాశనం జరిగిందని అందులో ఉంది. అది మోషే రాసిందన్నంత ధీమాగా చెప్పేవాళ్లను చూశాను. ఇప్పుడు తెలుగులోనూ వ్యాఖ్యాన సహిత బైబిళ్లు వచ్చాయి. మంచిదే, కొనండి. పేజీలో అడ్డంగా ఒక గీత ఉంటుంది. గీతకు పైన ఉన్నదానికి మనం తలవంచాలి. గీతకు కింద ఉన్నదాన్ని ప్రశ్నించాలి.

బెరయవారు పౌలునే ప్రశ్నించారు. ఆయన చెప్పినవి నిజమా కాదా అని ప్రతిదినం లేఖనాలు వెదికారు, లూకా వాళ్లను ఘనులన్నాడు. మన పరిస్థితి ఆలోచించండి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ ప్రాంతపు సంఘాలకు వాళ్లు తాతముత్తాతలు. ఎక్కువమందికి అక్షరం రాదు, రానివ్వలేదు కూడా. బోధకుడు చెప్పిందే వాళ్లకు బైబిలు. ఇప్పుడు వాళ్ల మనవరాళ్లు ఇంజనీరింగ్ చదువుతున్నారు, కానీ వెనక పట్టా మీద కూర్చునే మామ్మ ఇప్పటికీ మన నోటి మీదే ఆధారపడుతోంది. ఆమెకు పోల్చిచూసుకోవడానికి రెండో పుస్తకం లేదు. ఆమెకు లేని ద్వారం చూపించడం ఒంటె కథ కాదు, అది మోసం. తెలియక చేసినా ఆమెకు జరిగే నష్టం అంతే.

ఇదంతా ఎందుకు జరుగుతుందో సేవకులందరికీ తెలుసు. శనివారం రాత్రి పది దాటాక కూర్చుంటాం. వారమంతా సందర్శనలు, ఆసుపత్రి, సమాధి కార్యక్రమాలు, పెళ్లిచూపుల ప్రార్థనలు. అప్పుడు వ్యాఖ్యానం తెరిచేది అర్థం కోసం కాదు, రేపటికి మూడు పాయింట్లు, ఒక కథ కోసం. ఆకలి మీదున్నవాడు తాలు ఏరడు. అందుకని నేను ప్రాధేయపడేది పుస్తకం గురించి కాదు, రోజు గురించి. సోమవారమే భాగం ఎంచుకోండి. రెండు మూడు రోజులు పైకి చదవండి, ముందు అధ్యాయం వెనక అధ్యాయం కలిపి. అర్థం కానివి కాగితం మీద రాసుకోండి, సంఘంలో ఎవరికి తెలుస్తుందో వాళ్లను అడగండి. గురువారానికి ఆ కాగితం పట్టుకుని వ్యాఖ్యానం దగ్గరకు వెళ్లండి, వీలైతే ఒకరితో ఒకరు ఏకీభవించని ఇద్దరి దగ్గరకు. మీ ప్రశ్నలకు వచనంలోంచి జవాబు చూపినవాణ్ణి నమ్మండి, వచనంలో లేని ద్వారాలు కట్టేవాణ్ణి వదిలేయండి.

పుస్తకాలు ఖరీదు, నిజమే. నా దగ్గర మాథ్యూ హెన్రీ ఉంది. బ్రయన్ వింటిల్ సంపాదకత్వంలో మన దేశాల పండితులే రాసిన దక్షిణాసియా బైబిలు వ్యాఖ్యానం, 2015లో వచ్చింది, అదీ ఉంది. ఇంగ్లీషు కష్టమైతే కూర్చుని చదివి చెబుతాను. మార్టూరు వచ్చినప్పుడు తీసుకెళ్లండి, నెలలో తెచ్చివ్వండి. శనివారం సాయంత్రం మాత్రం రావద్దు, ఇవ్వను.