2040లో మన అమ్మాయిల చదువు లెక్క ఇవాళ్టి క్లాసుల్లోనే ఉంది

నైజర్ పేరు మన ఇళ్లలో పెద్దగా వినుండరు. పశ్చిమ ఆఫ్రికాలోని ఎడారి దేశం, జనాభాలో దాదాపు అందరూ ముస్లింలే. అక్కడ ప్రతి నలుగురు అమ్మాయిల్లో ముగ్గురికి 18 నిండకముందే పెళ్లయిపోతోందని యునిసెఫ్ లెక్క. ఇలాంటి దేశాల్లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో అసలు బడికి వెళ్లనివాళ్లు రేపు ఎంతమంది ఉంటారో, 2100 వరకు అంచనా వేసి పెట్టారు వియన్నాలోని విట్‌గెన్‌స్టైన్ సెంటర్ వాళ్లు. ప్రపంచ బ్యాంకు కూడా ఆ పట్టికల్ని తన దగ్గర పెట్టుకుంది.

2100 అనగానే జాతకం చెబుతున్నారనుకోవద్దు. బీకాం చదివినవాళ్లకి ఇది తెలిసిన పనే. ఈ ఏడాది క్లోజింగ్ బ్యాలెన్సే వచ్చే ఏడాది ఓపెనింగ్ బ్యాలెన్స్. 15 ఏళ్లప్పుడు చదువు లేని అమ్మాయి 25కీ అలాగే ఉంటుంది, 60 ఏళ్ల నానీ అయ్యాకా బ్యాంకు ఫారం మీద వేలిముద్రే వేస్తుంది. పెద్దయ్యాక ఆ ఖాతా మారేది చాలా తక్కువ మందికి. అందుకే ఇవాళ బడిలో ఎవరున్నారో తెలిస్తే పాతికేళ్ల తర్వాతి లెక్క చాలావరకు చేతిలో ఉన్నట్టే. బడులు పెరిగితే ఒక గీత, ఇప్పటి చేరికల దగ్గరే ఆగిపోతే ఇంకో గీత గీస్తారు. మొదటి కొన్నేళ్లు ఈ రెండూ పక్కపక్కనే నడుస్తాయి. తేడా బయటపడేసరికి ఒక తరం పిల్లలకి బడి వయసు దాటిపోయి ఉంటుంది.

మన దగ్గర పరిస్థితి నైజర్‌లా లేదు, అల్‌హమ్దులిల్లాహ్. నందివాడ మండలంలోనైనా, గుడివాడలోనైనా, బందరులోనైనా ఆడపిల్లని ఒకటో తరగతిలో చేర్చని ఇల్లు ఇప్పుడు అరుదు. ‘బడి మొహం చూడనివాళ్లు’ అనే గీత మన దగ్గర కొన్నేళ్లలో సున్నాకి దగ్గరవుతుంది. మనం మోసపోయేది సరిగ్గా అక్కడే. చేర్చడం ఒకటి, పదో తరగతి దాటించడం ఇంకొకటి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో పదేళ్లు, ఆపైన చదివినవాళ్లు 39.6 శాతమే. దేశం సగటు 41. పక్కనున్న తెలంగాణలో 45.5, తమిళనాడులో 56.6, కేరళలో 77. ఇందులో పాత తరం ఆడవాళ్లు కూడా కలిసి ఉన్నారన్నది నిజమే, కానీ పాత తరం కేరళలోనూ ఉంది కదా! అదే సర్వేలో 20-24 ఏళ్ల యువతుల్లో 18 లోపే పెళ్లయినవాళ్లు మన రాష్ట్రంలో 29.3 శాతం, తమిళనాడులో 12.8, కేరళలో 6.3. ఇవి అన్ని మతాలవాళ్లకీ కలిపిన అంకెలు, మన ఒక్కళ్లవి కావు. మన సంగతి విడిగా చూసింది సచార్ కమిటీ. 6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో పాతిక శాతం దాకా బడికి అసలు వెళ్లలేదని, లేదా మధ్యలో మానేశారని 2006లోనే దేశం మొత్తానికి చెప్పింది.

ఎక్కడ ఆగుతున్నారు? చట్టాలు చూస్తే చాలావరకు అర్థమవుతుంది. విద్యా హక్కు చట్టం 14 ఏళ్ల దాకానే, అంటే దాదాపు ఎనిమిదో తరగతి వరకు. పెళ్లికి చట్టం ఒప్పుకునే వయసు 18. మధ్యలోని నాలుగేళ్లు ఆడపిల్ల చేతిలో ఏ హామీ లేదు. బాల కార్మిక చట్టం కూడా 14 దాటితే ప్రమాదకరమైన పనులనే ఆపుతుంది. ఇంట్లో కూర్చుని చేసే పని ఎవరి కంటా పడదు. బందరు, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనిలో చాలా భాగం ఇళ్లలో ఆడవాళ్ల చేతుల మీదుగానే సాగుతుంది. అమ్మీ పక్కన కూర్చున్న పిల్లని బడి మానేసిన పిల్లగా ఎవరు రాసుకుంటారు? నందివాడ వైపు చేపల చెరువుల గట్ల మీద కాపలా కుటుంబాలుంటాయి. చెరువు మారితే మకాం మారుతుంది, బడి కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మండలంలో ఊళ్లకు ఊళ్లు నీళ్లలో ఉన్నప్పుడు ఇలాంటి ఇళ్ల పిల్లలకి చదువు ఇంకా దూరమైంది. ఇక ‘ఇంటర్‌కి బస్సెక్కి గుడివాడ ఎందుకు, రోజులు బాగాలేవు’ అన్న మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు వినిపిస్తుందో చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి. ఒకటి నుంచి ఎనిమిది వరకు మైనారిటీ పిల్లలకి ఇచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ని కేంద్రం 2022లో ఆపేసింది, తొమ్మిది, పది తరగతులకే ఉంచింది. ఎనిమిది దాకా చదువు ఉచితమే కదా అన్నది వాళ్ల వాదన. నాకది కుదరని వాదన అనిపిస్తుంది. తొమ్మిదికి చేరాలంటే ముందు ఏడు, ఎనిమిది దాటాలి. ఇటు రాష్ట్రం 2025 జూన్ నుంచి తల్లికి వందనం కింద ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ, ఇంటర్ దాకా, ఒక్కొక్కరికి 13 వేలు తల్లి ఖాతాలో వేస్తోంది. ఒక్కరికే వచ్చినప్పుడు అబ్బాయి పేరు ముందుకొచ్చేది. ఇప్పుడు ఆ సాకు లేదు.

2022 అక్టోబరులో అప్పటి ప్రభుత్వం తెచ్చిన షాదీ తోఫాని కూడా నేను ఇలాగే చూస్తాను. లక్ష రూపాయల గురించే అందరూ మాట్లాడారు కానీ అందులో అసలైంది షరతు: అమ్మాయీ, అబ్బాయీ ఇద్దరూ పది పాసై ఉండాలి. పది సర్టిఫికెట్టు పెళ్లి కాగితాల్లో చేరితే పిల్లని ఎనిమిదిలో ఆపే తండ్రి ఒకసారి ఆలోచిస్తాడు.

2040లో 20-24 ఏళ్లుండే యువతులంటే 2016-2020 మధ్య పుట్టినవాళ్లు. వాళ్లిప్పుడు ఐదు లోపు క్లాసుల్లో ఉన్నారు. వాళ్ల అంకె ఇంకా మన చేతిలోనే ఉంది. వాళ్ల అక్కలు, 13 నుంచి 17 ఏళ్లవాళ్లు, ఖాతా ముగిసే దశలో ఉన్నారు. జుమా చందా లెక్క రాసినట్టే, మొహల్లాలో ఈ ఏడాది ఏడు నుంచి పదికి వెళ్లిన ఆడపిల్లలు ఎంతమంది, ఆగినవాళ్లు ఎంతమంది అని మసీదు కమిటీ ఒక నోటుబుక్కులో రాస్తే ఖర్చేం కాదు. ఇప్పటికే మానేసినవాళ్లకి దారి మూసుకుపోలేదు. 14 నిండిన అమ్మాయి ఏపీ ఓపెన్ స్కూల్‌లో చేరి, రోజూ బడికి వెళ్లకుండానే నేరుగా పది పరీక్ష రాయొచ్చు. ఏటా అడ్మిషన్ల నోటిఫికేషన్ వస్తుంది. దగ్గర్లోని స్టడీ సెంటర్ ఎక్కడో మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో అడగండి, వెళ్లేటప్పుడు ఆధార్, పుట్టిన తేదీ కాగితం తీసుకెళ్లండి.