నడివయసు చర్మం: అలంకారం కాదు, ఆరోగ్యం

రుతువిరతికి ముందువెనుక సంవత్సరాలలో స్త్రీల చర్మం పొడిబారి, దురదపెట్టి, ఏళ్ల తరబడి వాడుతున్న సబ్బుకే మండిపోవడాన్ని సమాజం అందచందాల వ్యవహారంగా తీసిపారేస్తున్నందువల్ల, వైద్యసలహా అందవలసిన చోటును ఒకవైపు ఖరీదైన క్రీములూ, మరోవైపు మందులషాపులో అడిగిందే తడవుగా చేతికొచ్చే స్టెరాయిడ్ ట్యూబులూ ఆక్రమించుకున్నాయి.

వరుసగా 12 నెలలపాటు ముట్టు రాకపోతే దానిని రుతువిరతి అంటారు. అంతకు కొన్నేళ్ల ముందునుంచే అండాశయాలలో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోను హెచ్చుతగ్గులకు లోనై, ఆ తరువాత బాగా పడిపోతుంది. ఈ హార్మోనును అందుకునే గ్రాహకాలు చర్మకణాలలోనూ ఉంటాయి గనుక, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తు రుతువిరతి తరువాతి మొదటి అయిదేళ్లలోనే సుమారు 30 శాతం తగ్గుతుందని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. తైలగ్రంథుల స్రావం సన్నగిల్లుతుంది. పైపొర కణాల మధ్య సున్నంలా నిలిచి నీటిని బయటికి పోనివ్వని సెరమైడ్లనే కొవ్వు పదార్థాలూ తగ్గుతాయి. కొందరికి ఒంటిమీద చీమలు పాకుతున్నట్లు అనిపించడం కూడా ఈ దశలో కనిపించేదే. దానిని భ్రమ అని కొట్టిపారేయడం అన్యాయం.

ఇలా పలచబడిన చర్మానికి మొదట కావలసింది కొత్త వస్తువు కాదు, పాతవాటిలో కొన్నింటిని మానడం. ఆరోగ్యవంతమైన చర్మం ఉపరితలం కొద్దిగా ఆమ్లగుణం కలిగి, పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటుంది; మామూలు సబ్బుది 9 నుంచి 10. సబ్బు పొట్లంమీద టీఎఫ్ఎం అని కనిపించేది అందులోని మొత్తం కొవ్వు పదార్థాల శాతం. భారతీయ ప్రమాణాల ప్రకారం మొదటి శ్రేణి స్నానపు సబ్బులో అది 76 శాతానికి తగ్గకూడదు గానీ, ఆ అంకె ఒక్కటే మృదుత్వానికి హామీ కాదు. బోరునీటిలోని కాల్షియం సబ్బుతో కలిసి చర్మంమీద తెట్టులా మిగిలిపోవడం తెలుగునాట ఎన్నో ఇళ్లలో అదనపు చిక్కు. అందుచేత సబ్బును చంకలకూ, గజ్జలకూ, పాదాలకూ పరిమితం చేసి, గోరువెచ్చని నీటితో త్వరగా స్నానం ముగించి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే వాసన కలపని పెట్రోలియం జెల్లీనో, గ్లిజరిన్ ఉన్న లేపనాన్నో, పడేవారు కొబ్బరినూనెనో పట్టించడం మేలు.

సున్నిపిండి సంగతి వేరే చెప్పాలి. సంప్రదాయం మీద గౌరవంతోనే అయినా, గరుకుపిండితో నలుగు పెట్టడం ఈ వయసు చర్మాన్ని గీరుతుందనీ, అందులో కలిపే బావంచాలలోని సోరాలెన్ అనే పదార్థం చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తుందనీ గుర్తించక తప్పదు. బొల్లి చికిత్సలో బావంచాలకు చోటు దక్కింది ఆ గుణంవల్లనే.

అసలు ప్రమాదం స్టెరాయిడ్ క్రీములది. దురద మొదటి రెండురోజుల్లోనే తగ్గుతుంది కాబట్టి నమ్మకం కుదురుతుంది, కానీ వైద్య పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి రాస్తే అప్పటికే పలచబడిన చర్మం ఇంకా పలచనై, ముఖం ఎర్రబారి, క్రీము మానితే మండే స్థితి వస్తుంది. ఇటువంటి పలు క్రీములను వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలని కేంద్రప్రభుత్వం 2018లో స్పష్టం చేసినా, కౌంటరు దగ్గర ఆ నిబంధనను అడిగేవారే అరుదు.

తెలుగు రాష్ట్రాలకు ఇది మరింత దగ్గరి విషయం. చిన్నవయసులోనే గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి. గర్భసంచితోపాటు రెండు అండాశయాలనూ తొలగిస్తే ఈస్ట్రోజెన్ క్రమంగా కాక ఒక్కసారిగా పడిపోతుంది, 35 ఏళ్ల కూలితల్లికి 50 ఏళ్ల చర్మం వస్తుంది. అండాశయాలు తీశారో లేదో డిశ్చార్జి కాగితంమీద రాసి, రోగికి చదివి వినిపించి, చర్మంలోనూ ఎముకల్లోనూ రాబోయే మార్పులను చెప్పి పంపడం ఆసుపత్రుల కనీస బాధ్యత. పొడిబారడంతోపాటు నీరసం, బరువు పెరగడం, జుట్టు రాలడం ఉన్నవారికి థైరాయిడ్ పరీక్షా, మానని దురదకు చక్కెర పరీక్షా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే జరగాలి, అక్కడి మందుల జాబితాలో ఒక మామూలు లేపనానికీ చోటుండాలి.