సంపాదకుని మాట: లెక్కకెక్కని దుఃఖం

హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్ పక్కనే ఉస్మానియా మెడికల్ కాలేజీ, కాస్త దూరంలో ఉస్మానియా ఆసుపత్రి. కిడ్నీ మార్పిడి అనే మాట ఈ వీధులకు కొత్త కాదు. 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చింది, 2013లో మరణానంతర అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ మొదలైంది, ఆరోగ్యశ్రీ పేదలకూ ఆపరేషన్‌ను అందుబాటులోకి తెచ్చింది. అయినా మన లెక్కలన్నీ ఆపరేషన్ల లెక్కలే. మార్చిన కిడ్నీ కలకాలం పనిచేయదనీ, రోజూ మాత్రలు మింగుతున్నా శరీరం దాన్ని తిరస్కరించవచ్చనీ వైద్యులకు తెలుసు. కిడ్నీ చెడి, రక్తంలో క్రియాటినిన్ పెరిగి మళ్లీ డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఒక అవయవంతో పాటు ఒక ఆశనూ పోగొట్టుకుంటాడు. మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలు. అమ్మో, భార్యో ఇచ్చినదాన్ని నిలుపుకోలేకపోయానన్న అపరాధభావం ఏ రక్తపరీక్షలోనూ కనబడదు.

వైఫల్యం గురించి మాట్లాడితే దాతలు వెనకడుగు వేస్తారని కొందరి భయం. డయాలసిస్ కంటే మార్పిడే చాలామందికి ఎక్కువ ఆయుష్షు ఇస్తుందన్నది నిజం. దానాన్ని మేమూ మనసారా కోరుతున్నాం. కానీ నిజం ముందే తెలిసిన దాత ఇష్టపూర్వకంగా ఇస్తాడు, నిజం తెలిసిన రోగి తనను తాను నిందించుకోడు. మందులిచ్చే చోటే మనసు విప్పే చోటూ ఉండాలి. ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం అదే.