ఘాట్ ఎక్కే బండికి ముందు హబ్బులే ఆధారం
చవక బేరానికి పోతే దారిలో దిగబడక తప్పదు

పాడేరు: వానలు మొదలైతే మన్యంలో మట్టి రోడ్లు ఎక్కగల బండ్లకు గిరాకీ పెరుగుతుంది. ముంచంగిపుట్టు, పెదబయలు, జి.మాడుగుల, అనంతగిరి మండలాల్లో తారు రోడ్డు అందని గూడేలు ఇంకా ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రం దగ్గరకు వచ్చినా గూడేనికి పోయే దారి మాత్రం చాలాచోట్ల ఆ ఎర్ర బురదే. అక్కడికి రేషను బియ్యం చేరాలన్నా, అక్కడి పసుపు, మిరియాలు, కాఫీ గింజలు సంతకు దిగాలన్నా, జ్వరంతో పడి ఉన్న మనిషిని ఆస్పత్రికి తేవాలన్నా నాలుగు చక్రాలకూ శక్తి అందే జీపో, పికప్పో కావాలి. అది రాని రోజున డోలీ కట్టి మోయవలసిందే.

మన్యంలో తిరిగే బండ్లన్నీ ఫోర్ వీల్ బండ్లు కావు. ఎక్కువ భాగం వెనుక చక్రాలతో నడిచేవే. అందువల్ల ఉన్న కొద్దిపాటి ఫోర్ వీల్ బండ్లూ పక్కాగా ఉండవలసిన అవసరం మరీ ఎక్కువ. వాటి విషయంలో యజమానులు ఇంజనును చూస్తారు, టైర్లను చూస్తారు, కమాను కట్టలను చూస్తారు. ముందు చక్రం మధ్యలో గిన్నె బోర్లించినట్టు ఉండే హబ్బును మాత్రం అది మొరాయించేదాకా పట్టించుకునేవారు తక్కువ. మొరాయించిన తరువాత ఏది దొరికితే అది, ఎవరు చవకగా ఇస్తే వారి దగ్గర కొని బిగించేస్తున్నారు. ఈ పద్ధతి మారాలి.

హబ్బు చేసే పని

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుకు ముందు ఇరుసు షాఫ్టు, చక్రం ఎప్పుడూ కలిసే తిరిగేవి. డ్రైవరు ఫోర్ వీల్ గేరు తీసేసినా, చక్రంతోపాటు లోపలి షాఫ్టులు, డిఫరెన్షియల్, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు ఊరికే తిరుగుతూనే ఉండేవి. దానివల్ల అరుగుదల, రొద, కొంత ఆయిలు ఖర్చు. యుద్ధం ముగిశాక ఆ జీపులు అమెరికాలో రైతుల చేతికి వచ్చినప్పుడు, 1948లో ఆర్థర్ వార్న్ అనే ఆయన చక్రాన్ని షాఫ్టు నుంచి విడదీసే తాళం హబ్బులను తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. మన దేశంలో మహీంద్రా వారు జీపుల బిగింపు మొదలుపెట్టిందీ దాదాపు ఆ రోజుల్లోనే. ఆనాటి ఆ చిన్న సాధనమే తరువాత అనేక రకాలుగా ప్రపంచమంతా పాకింది.

ఈనాడు మన రోడ్ల మీద మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది తాళం లేని కదలని ఫ్లాంజి. రెండవది బండి దిగి చేత్తో తిప్పే హబ్ లాకు. మూడవది డ్రైవరు సీటులోంచి దిగనవసరం లేని ఆటోమేటిక్ హబ్బు. ఆటోమేటిక్‌లో కొన్ని గాలి పీల్చే సన్నని గొట్టం సాయంతో పడతాయి. కొన్ని షాఫ్టు తిరిగిన ఊపుకు వాటంతట అవే పడతాయి. కొన్ని కొత్త పికప్పులకు హబ్బులో తాళమే ఉండదు, లోపల ఇరుసు దగ్గరే శక్తిని తెంచే ఏర్పాటు ఉంటుంది. అటువంటి బండికి బయట హబ్బు మార్చాలనుకోవటం వృథా ఖర్చు. కనుక కొనేముందు తన బండిలో ఏ ఏర్పాటు ఉన్నదో యజమాని తెలుసుకోవాలి.

ఆటోమేటిక్ సుఖం ఎంతవరకు?

వానలో దిగి, బురదలో వంగి రెండు వైపులా హబ్బు తిప్పటం ఎవరికీ సరదా కాదు. ఆటోమేటిక్ హబ్బు ఉంటే ఆ శ్రమ తప్పుతుందని డ్రైవర్లు చెప్పే మాట నిజమే. బండి కొత్తగా ఉండి, గొట్టాలు, సీళ్ళు బాగున్నంత కాలం ఇబ్బంది లేదు. కానీ మన గెడ్డలు వేరు. చక్రం మునిగేంత నీటిలో రోజుకు రెండుసార్లు దిగి ఎక్కే బండికి ఆ సీళ్ళు ఎంతకాలం ఆగుతాయి? గొట్టానికి చిన్న పగులు వస్తే చాలు, తాళం పడదు. లోపలికి నీరు పోతే గ్రీజు మజ్జిగలా తెల్లబడి, కదిలే ముక్కలు తుప్పు పడతాయి.

షాఫ్టు ఊపుకు పడే రకంలో మరో చిక్కు ఉంది. నిలువు దిగుడులో ఇంజను బలంతో బండిని ఆపుకుంటూ వస్తున్నప్పుడు బలం ఎదురు తిరుగుతుంది. అటువంటప్పుడు అరిగిన హబ్బు ఒక్క క్షణం విడిపోయి మళ్ళీ పట్టుకోవచ్చు. పక్కన లోయ ఉన్న వంపులో ఆ ఒక్క క్షణం చాలు. పైగా హబ్బు పడిందో లేదో డ్రైవరుకు కంటికి కనిపించదు. గేరు వేశాడు గనుక నాలుగు చక్రాలూ లాగుతున్నాయన్న భ్రమలో ఉంటాడు.

ఒక పక్క హబ్బు పడి రెండో పక్క పడకపోయినా ఫలితం సున్నే. డిఫరెన్షియల్ శక్తినంతా విడిపోయి ఉన్న పక్కకే వదిలేస్తుంది. ఆ షాఫ్టు ఉత్తినే తిరుగుతుంది గాని చక్రం లాగదు. తక్కువ గేరులో పెట్టి అలాగే బలవంతం చేస్తే భారమంతా వెనుక ఇరుసు మీద పడి అక్కడి షాఫ్టు విరిగే ప్రమాదం ఉంది. ముందు హబ్బు లోపానికి వెనుక షాఫ్టు బలి అవుతుందన్నమాట.

ఈ కారణాల చేత మన్యంలో తిరిగే పాత బండికి ఆటోమేటిక్ హబ్బులు పాడైతే, వాటి స్థానంలో మంచి రకం చేతి హబ్ లాకులు వేయించుకోవటమే మేలు. అయితే ఏడాది పొడుగునా కొండ మీదే తిరుగుతూ, నెలకొకసారి కూడా మైదానానికి దిగని బండికి ఆ ఖర్చు కూడా అనవసరం. తన బండికి సరిపోయే ఫ్లాంజి దొరికితే అదే చాలు. విరగటానికి, మరచిపోవటానికి అందులో ఏమీ లేదు. చోడవరం మీదుగా విశాఖపట్నానికో, లంబసింగి ఘాట్ దిగి నర్సీపట్నానికో తరచుగా తారు రోడ్డు మీద పోయే బండికి మాత్రం హబ్ లాకు వల్ల లాభం ఉంటుంది. అరుగుదల తగ్గుతుంది, స్టీరింగు కొంత తేలికవుతుంది. ఆయిలు సగానికి సగం మిగులుతుందని చెప్పే దుకాణదారు మాట నమ్మనక్కరలేదు. మిగిలేది కొద్దిపాటే.

బిగింపులోనే ఉంది కిటుకు

మంచి హబ్బు కొన్నా బిగింపు సరిగా లేకపోతే డబ్బు దండగ. కొనేముందు షాఫ్టు పళ్ళు ఎన్నో, బోల్టులు అయిదో ఆరో లెక్క చూసుకోవాలి. రెండు పక్కలా ఒకే రకం వేయాలి. ఒక పక్క కొత్తది, మరో పక్క పాత సామాను కొట్టులో దొరికినది వేయటం తగదు.

హబ్బు విప్పినప్పుడు లోపలి చక్రం బేరింగులు కూడా చూడటం ధర్మం. వాటిని కడిగి, గుంటలు పడ్డాయేమో వేలితో తడిమి, కొత్త గ్రీజు పట్టించాలి. లోపలి నట్టును చక్రం తిప్పుతూ బిగుసుకునేదాకా బిగించి, తరువాత కొద్దిగా వదలాలి. పాత జీపులకు ఈ వదలటం సుమారు ఆరో వంతు తిప్పుడు. మిగిలిన బండ్లకు కంపెనీ పుస్తకంలో చెప్పిన కొలతే ప్రమాణం. ఆపైన వాషరు వేసి, బయటి నట్టు బిగించి, వాషరు అంచు మడవాలి. చాలా షెడ్లలో ఈ పని ఉలి, సుత్తితో నట్టు అంచులు కొట్టి చేస్తున్నారు. అంచులు చెడిన నట్టు తరువాత కదిలిపోతుంది. ఆ నట్టుకు సరిపోయే గొట్టం పానా ప్రతి షెడ్డులోనూ ఉండి తీరాలి.

తాళం తిరిగే భాగంలో చక్రం బేరింగుకు వేసే చిక్కని గ్రీజు కుక్కకూడదు. పలచగా రాస్తే చాలు. ఎక్కువైతే చలికాలం పొద్దున్నే అది గడ్డకట్టి, తాళం తిరగక మొరాయిస్తుంది. గాస్కెట్టు, రబ్బరు రింగు ప్రతిసారీ కొత్తవే వేయాలి. బోల్టులను నాలుగు రోజులు తిరిగాక మరోసారి బిగించాలి.

వాడకం కూడా ముఖ్యమే. దిగబడ్డాక దిగి తిప్పటం కంటే బురద దారి మొదలయ్యే చోటే తాళం వేసుకోవటం తెలివి. వానాకాలమంతా హబ్బులు వేసి ఉంచి, ఫోర్ వీల్ గేరు అవసరమైనప్పుడే వాడినా నష్టం లేదు. పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ గేరు వేసి నడపటం మాత్రం ఇరుసులకు చేటు. ఎండాకాలంలో సైతం నెలకొకసారి హబ్బులు వేసి పది పదిహేను కిలోమీటర్లు నడిపితే ముందు ఇరుసులో ఆయిలు అన్ని భాగాలకూ పారుతుంది.

చేయవలసిన వారు చేయాలి

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా బండ్లకు ఫిట్‌నెస్ పత్రం తప్పనిసరి. ఆ పరీక్షకు వచ్చిన ఫోర్ వీల్ బండిని జాకీ మీద ఎత్తి, ముందు రెండు హబ్బులూ పడుతున్నాయో లేదో చూడటానికి అయిదు నిమిషాలు చాలు. సరుకు పికప్పులో మనుషులను ఎక్కించటం చట్టరీత్యా తప్పు. ఆ తప్పు జరుగుతూనే ఉన్నదని అందరికీ తెలుసు. అలా ఎక్కినవారి ప్రాణాలు ఆ హబ్బుల మీద ఆధారపడి ఉన్నాయన్నదీ అంతే నిజం.

ఏజెన్సీలోని ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్ పని నేర్చుకునే గిరిజన యువకులకు ఈ హబ్బుల విప్పుడు, బిగింపు ప్రత్యేకంగా నేర్పాలి. ఐ.టి.డి.ఏ. కొద్దిపాటి సాయం చేసి వారికి సరయిన పానాలు ఇప్పిస్తే మండలానికొక నమ్మకమైన షెడ్డు వెలుస్తుంది. విశాఖపట్నం దాకా బండిని ఈడ్చుకుపోయే బాధ తప్పుతుంది. ప్రభుత్వ ఆస్పత్రులకు నడిచే ఫోర్ వీల్ బండ్లు ఎక్కడ ఉన్నా, వాటి హబ్బులను వానలకు ముందే, మే నెలలోనే విప్పి చూసే పద్ధతి పెట్టాలి.

గూడేలకు మంచి రోడ్లు పడితే ఈ చర్చకే తావుండదు. అవి పడేదాకా నొప్పులు పడే తల్లికీ, ఆస్పత్రికీ మధ్య ఉన్నది ఆ బండే. యజమానులు నాలుగు రూపాయలు మిగులుతాయని నాసిరకం హబ్బులతో సరిపెట్టుకోకూడదు, అధికారులు చూసీ చూడనట్టు వదలకూడదు. తొలకరికి ముందే ఈ పని పూర్తిచేయటం అందరికీ శ్రేయస్కరం.