డైవెస్ట్ అంటే బట్టలూడదీయడం, మరి ఈ ఉపసంహరణేంటి?

లాటిన్లో వెస్టిస్ అంటే వస్త్రం. చొక్కా లోపల వేసుకునే వెస్ట్ ఆ కుటుంబమే. ఇన్వెస్ట్ అంటే బట్ట తొడగడం, డైవెస్ట్ అంటే ఊడదీయడం. డబ్బుకి కొత్త రూపం తొడగడం అన్న ఊహతో ఇన్వెస్ట్‌కి పెట్టుబడి అర్థం వచ్చిందంటారు. ఇంగ్లీషులో ఆ వాడకం 1610ల నాటి తూర్పు ఇండియా వ్యాపారం దగ్గర కనబడుతుంది. (ఆ వ్యాపారం మనకి ఏం తొడిగిందో అడక్కండి.)

ఇంగ్లీషువాడు ఎవణ్ణయినా డైవెస్ట్ చేశాడంటే వెనకే 'ఆఫ్' తగిలించి, దేన్ని ఊడబెరికాడో చెప్తాడు. పదవో, ఆస్తో, హక్కో. 1984 జనవరి 1న ఏటీ అండ్ టీ నుంచి లోకల్ టెలిఫోన్ వ్యాపారాన్ని ఏడు కంపెనీలుగా విడగొట్టినప్పుడు దానికి డైవెస్టిచర్ అన్నారు. ఎవరి ఒంటిమీంచి ఏది పోయిందో అందరికీ అర్థమయింది.

మన పేపర్లేమో 'పెట్టుబడుల ఉపసంహరణ' అని రాస్తాయి. నామినేషన్ ఉపసంహరణ అంటే ఎవడి కాగితం వాడు వెనక్కి తీసుకోవడం. మరి ఇక్కడ సర్కారు ఫ్యాక్టరీలో పెట్టిన డబ్బు వెనక్కి తీసుకుంటోందా? లేదే! తన షేర్లు ఇంకొకడికి అమ్ముతోంది. కొన్నవాడిచ్చిన డబ్బు ఖజానాకి పోతుంది, కంపెనీకి పైసా రాదు.

అసలు చిరాకు ఇంకోటుంది. 2022 మేలో ఎల్ఐసీలో 3.5 శాతం షేర్లు జనానికి అమ్మారు. అది ఉపసంహరణ. యజమాని మారలేదు. 2022 జనవరి 27న ఎయిరిండియా నూటికి నూరు శాతం టాటాల చేతికెళ్ళింది. అదీ ఉపసంహరణే! ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు, ఒకటి చొక్కా గుండీ విప్పుతుంది, ఇంకోటి మనిషినే అమ్మేస్తుంది. మన కోడ్ రివ్యూలో ఎవడైనా ఇలా రాస్తే ఊరుకుంటామా?

2021 జనవరి 27న విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా వదులుకోవడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 'ఆంధ్రుల హక్కు' అని అరిచి, 1966లో 32 మంది ప్రాణాలు పోగొట్టుకుని తెచ్చుకున్న ఫ్యాక్టరీ అది. హక్కు ఊడితే ఇంగ్లీషులో సరిగ్గా డైవెస్ట్ అనే అంటారు. తెలుగులో మాత్రం బ్యాంకులో డిపాజిట్ తీసుకున్నంత మర్యాదగా చెప్పారు. తర్వాత 2025 జనవరిలో అదే ఫ్యాక్టరీకి 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారనుకోండి, అది వేరే కథ.

నిలువుదోపిడీ అని రాయమనట్లేదు బాబూ. మొక్కున్నవాడు తన నగలు తనే తీసి దేవుడికిస్తాడు, పోలిక కుదరదు. 'వాటా అమ్మకం' అనండి, యాజమాన్యం కూడా పోతే 'కంపెనీ అమ్మకం' అనండి. ఎంత శాతమో, ఎవరికో పక్కనే రాయండి. అమ్మాలా వద్దా అన్నది తర్వాత కొట్టుకుందాం. ఎయిరిండియాని అమ్మడం మంచిపనే అనేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.